అత్తమ్మ పాటకు నా పళ్లు

ఈ సంగతి ఇంతకుముందే రాయకపోవడానికి పెద్ద కారణమేమీ లేదు. నాకు అక్షరాలు వచ్చేవి కావు, అంతే. ఏడేళ్ల వయసులో నూలు కండెలు చుట్టడానికి కూర్చోబెట్టారు. బడి మా గల్లీ చివరే ఉండేది కానీ, సాంచాల చప్పుడులో దాని గంట కూడా నాకెప్పుడూ వినబడలేదు. సాంచాలంటే కరెంటు మగ్గాలు. యాభై దాటాక, బీడీ కార్మికుల కాలనీ విడీ ఘర్కుల్‌లో ఆడవాళ్లకు మధ్యాహ్నం పూట తరగతి పెడితే వెళ్లి అఆలు దిద్దాను. అంతవరకు ఎవరితోనైనా చెప్పి రాయించుకోవచ్చు కదా అంటారేమో. మా ఇంట్లో రాత బాగా వచ్చినవాడు మా మరిది. అతనితో రాయిస్తే, ఇందులో తెలివైనవాడు తనే అని రాసుకుంటాడు. అందుకని ఆగాను.

తొంభైల చివర్లో మా మరిది పుణె నుంచి ఒక పాత కంప్యూటర్ తెచ్చాడు. అప్పటికి అతని పని పెళ్లిళ్లకు, జాతరలకు లౌడ్‌స్పీకర్లు కట్టడం. ఇక పాటలు కూడా తనే రికార్డు చేసి క్యాసెట్లు తీస్తానన్నాడు. మేముండే దాజీ పేట్‌లో మా సాంచాల షెడ్డు పక్కన నూలు చుట్టిన దుంగల్లాంటి బీములు పెట్టుకునే గది ఒకటి ఉంటే, బీములు బయటికి నెట్టి, గోడలకు మేం నేసిన చద్దర్ దుప్పట్లే మేకులు కొట్టి వేలాడదీసి, మధ్యలో మైకు నిలబెట్టాడు. ఊడ్చడానికి వెళ్లేదాన్ని నేను. ఊడుస్తూ ఊడుస్తూ ఆ తెర చూడటం అలవాటైంది.

నా చెవి మంచిదని షెడ్డులో పేరు. ఎనిమిది సాంచాలు ఒక్కసారి ఆడుతుంటే, ఏ సాంచాలో పోగు తెగిందో గోడ ఇవతల కూర్చుని చెప్పేదాన్ని. మరిదికి ఆ చెవి కావాల్సి వచ్చింది.

"వదినా, గీ డబ్బలు జూడు. గొంతు లోపలికొచ్చినంక ఒక్కొక్క డబ్బల నుంచి పోతది. ఒక్కోటి ఒక్కో పని జేస్తది" అన్నాడు.

తెర మీద వరసగా నాలుగు డబ్బాలు. ఒక్కోదానికి పక్కన చిన్న పచ్చ దీపం. నొక్కితే ఆరుతుంది, మళ్లీ నొక్కితే వెలుగుతుంది. వాటి పేర్లు ఇంగ్లీషులో రాసి ఉండేవి. అతను చదివి చెప్పినా నా నోటికి పట్టలేదు. చెవికి ఎలా వినబడితే అలా పేర్లు పెట్టుకున్నాను. మొదటిది తలుపు. పాడేవాళ్లు ఊపిరి పీల్చుకోవడానికి ఆగితే అది టక్కున మూసుకుని, బయట చప్పుడు లోపలికి రానివ్వదు. రెండోది ఇస్త్రీ. అరుపులను అణుస్తుంది, గొణుగుడును పైకి తెస్తుంది, అంతా చదునుగా చేస్తుంది. మూడోది జల్లెడ. సన్నటి శబ్దాలు కావాలంటే సన్నటివి, మొరటువి కావాలంటే మొరటువి, ఏవి ఉంచాలంటే అవి ఉంచి మిగతావి వదిలేస్తుంది. నాలుగోది బావి. గొంతు బావిలోకి వంగి పిలిచినట్టు మోగుతుంది. మరిదికి నా పేర్లే నచ్చి, కొన్నాళ్లకు తనూ "వదినా, బావి కొంచెం తగ్గించు" అనడం మొదలుపెట్టాడు.

ఆ ఏడు బతుకమ్మకు ముందు మా అత్తమ్మ పైవరస ముందు పళ్లు నాలుగు కదలడం మొదలుపెట్టాయి. డాక్టరు చూసి మరాఠీలో "ఆజీ, హే దాత్ కాఢావే లాగతీల్" అన్నాడు. తీసేయాల్సిందేనని. మా అత్తమ్మ ముఖం చూస్తే, పళ్లు కాదు ప్రాణమే తీస్తానన్నట్టుంది.

ఎందుకంటే మా పెద్దత్త. ఆమె అత్తమ్మకు తోటికోడలు, జోడ్‌భావి పేట్‌లో ఉండేది. ఏటా విడీ ఘర్కుల్ మైదానంలో ఆడవాళ్లందరం బతుకమ్మ చుట్టూ తిరుగుతాం. ముందు పాట ఎత్తుకునేది ఒక్కరే, మిగతావాళ్లు అందుకుంటారు. ఆ ముందు పాట అత్తమ్మదా, పెద్దత్తదా అన్నది వాళ్లిద్దరూ కాపురానికి వచ్చిన నాటి నుంచి తేలని తగువు. నాలుగైదేళ్లుగా అత్తమ్మే ఎత్తుకుంటోంది. పళ్ల సంగతి తెలిసిన రోజు నుంచి పెద్దత్త పాటలు సాధన చేస్తోందని కబురొచ్చింది.

"బోసి నోరేసుకొని పాడితె ఎవ్వలింటరే? పండ్లు నోట్ల ఉన్నప్పుడే పాట పెట్టిచ్చుకోవాలె" అంది అత్తమ్మ. మైదానంలో లౌడ్‌స్పీకర్ కట్టేది కన్నకొడుకే. క్యాసెట్ పెడితే ముందు పాట తనదే. నోరు తెరవకుండానే నడిపించవచ్చు. ఆలోచన మాత్రం గట్టిదే.

రికార్డు రోజు షెడ్డులో సాంచాలన్నీ ఆపించాడు మరిది. అత్తమ్మ మైకు ముందు కూర్చుంది. గొంతు సవరించుకుంది. మళ్లీ సవరించుకుంది. పాట రాలేదు.

"ఏందిర గిది, సచ్చినోళ్లింట్ల కూసున్నట్టున్నది. సాంచా పెట్టియ్యి."

"అమ్మా, సాంచా సప్పుడంత మైకుల పడ్తది."

"పడనీ. అది లేకపోతే నాకు తాళమెట్ల దొరుకుతది?"

మైదానంలోనైతే చప్పట్లు తాళమిస్తాయి, ఇంట్లో మాత్రం ఆమె పుట్టిన దగ్గర్నుంచి సాంచా ఆగిన చోట పాడలేదు. చివరికి గోడ అవతల ఒక్క సాంచా ఆడించారు. ధడక్ ధడక్‌మనగానే అత్తమ్మకు పాట పొంగుకొచ్చింది. తెర మీద ఎర్ర గీతలు లేచి కొట్టుకున్నాయి. మా ఇళ్లలో ఎవరూ మెల్లగా మాట్లాడరు, మెల్లగా పాడరు. చెవిలో చెప్పే రహస్యం కూడా సాంచాను మించి అరిచే చెప్పాలి కాబట్టి, దాజీ పేట్‌లో రహస్యాలు నిలవవు. మరిది తలుపు వేశాడు, ఇస్త్రీ చేశాడు, జల్లెడ పట్టాడు. గొంతు నిగనిగలాడింది. తర్వాత అందుకునే నలుగురు ఆడవాళ్ల గొంతులు ఒకరి తర్వాత ఒకరివి ఎక్కించాడు. మర్నాడే అత్తమ్మ ధైర్యంగా వెళ్లి పళ్లు తీయించుకుని, దవడలో దూది పెట్టుకుని, గెలిచినట్టుగా ఇంటికొచ్చింది.

ఆ సాయంత్రం మరిది లౌడ్‌స్పీకర్లు కట్టే పని మీద పంఢర్‌పూర్ వెళ్లాల్సి వచ్చింది. బతుకమ్మ నాటి సాయంత్రానికి వస్తానన్నాడు. ఇంక మిగిలింది గొంతులకు కాస్త బావి పెట్టి, అన్నీ కలిపి క్యాసెట్‌కు ఎక్కించడం. అది నాకు అప్పజెప్పాడు.

"అందరికి ఒక్కపారి బావి పెడ్తె కంప్యూటర్ మోయలేదు, ఆగిపోతది. కొంచెం కొంచెం పెట్టు. బావిని గొంతులనే పక్కా చేసే ఉపాయం ఒకటున్నది. గీ పేర్ల పట్టీల మూడోది. గని దాని జోలికి పోకు వదినా. పక్కా చేస్తే మల్ల ఊడదు."

"ఊడదా?"

"అస్సలు ఊడదు."

"మరి ఏదన్న డబ్బ లేసి ఏమన్న అడిగితే?"

"ఎడమ దిక్కుది నొక్కు."

ఇక్కడ మా మరిది తప్పు ఒకటుంది. నేతగాళ్లింటి ఆడమనిషితో 'ఊడదు' అనే మాట అనకూడదు. రంగు ఊడదు అంటే మా ఇళ్లలో అది పొగడ్త. మా చద్దర్లు అమ్ముడుపోయేదే ఆ మాట మీద. బట్ట నేశాక పైన రంగు అద్దేవాళ్లను చూసి మేం నవ్వుతాం. నూలుకే రంగు పట్టించి, ఆ తర్వాత నేస్తాం. పోగు పోగులోకి దిగిన రంగు ఎన్ని ఉతుకులకైనా నిలుస్తుంది. అతను చూపించిందేమో ఒక్కో గొంతు పక్కన బావిని తాత్కాలికంగా వేలాడదీయడం. నాకది కచ్చా పనిలా కనబడింది. ఒక్కో గొంతు ఒక్కో పోగు. ముందు పోగుకు రంగు పట్టించి, తర్వాత కలిపి నేయాలి. ఇందులో చదువుతో పనేముంది?

మర్నాడు పొద్దున నలుగురి గొంతులనూ తలా ఒకసారి బావిలో ముంచాను. పట్టీలో మూడోది నొక్కడం, డబ్బా లేవడం, అది ఏదో అడగడం, ఎడమ దిక్కుది నొక్కడం. ముదురు రంగు కావాలంటే నూలును రెండోసారి ముంచుతాం కాబట్టి, రెండోసారి కూడా ముంచాను. అత్తమ్మ ముందు పాట ఎత్తుకునే మనిషి. ఆమె గొంతు మిగతావాటికన్నా ముదురుగా ఉండాలి కదా. మూడుసార్లు ముంచాను. విడివిడిగా వింటే ఒక్కో గొంతూ గుడిలో గంటలా మోగింది. నన్ను నేనే మెచ్చుకున్నాను.

తర్వాత అయిదూ కలిపి వినిపించుకున్నాను.

దాజీ పేట్ మొత్తం బావిలో పడి, తాడు వేయమని అరుస్తున్నట్టుంది. అత్తమ్మ మొదటి మాట అన్నది మూడో మాట దాకా మోగుతోంది. నలుగురు అందుకునేసరికి ఆమె ఇంకా మొదటి మాటలోనే ఉంది. పూల పేర్లు చెప్పే చోట ఏ పువ్వో దేవుడికే తెలియాలి. నాలుగో డబ్బా దీపం ఆర్పాను. బావి పోలేదు. దీపం మళ్లీ వెలిగించి, మళ్లీ ఆర్పాను. రంగు నిజంగానే ఊడలేదు. పాత గొంతు ఎక్కడైనా మిగిలిందేమోనని వెతికాను. లేదు. దాని మీదే ఇది రాసేయమంటారా అని ఆ డబ్బా అడిగిందట, నేను ప్రతిసారీ ఎడమ దిక్కుది నొక్కి ఊఁ అన్నానట. అది తర్వాత తెలిసింది.

అత్తమ్మ పళ్లున్న గొంతు ఈ లోకంలో అదొక్కటే. పళ్లేమో డాక్టరు దగ్గర చెత్తబుట్టలో ఉన్నాయి.

ఆ మోత ఎక్కువగా సన్నటి శబ్దాల్లో సాగుతోందని చెవికి తోచింది. సరే, జల్లెడతో సన్నటివన్నీ వదిలేద్దామని తిప్పాను. మోత కొంచెం తగ్గింది. ఇంకాస్త తిప్పాను. ఇంకా తగ్గింది. సంతోషపడేలోపు, గుమ్మంలో అత్తమ్మ నిలబడి వింటోంది. చేయి నోటి దగ్గరికి వెళ్లింది. చిగుళ్లు తడుముకుంది.

"పండ్లు తీయకముందే పాడిన గదనే?"

"అవునత్తమ్మా."

"మరి గిట్ల బోసిగ ఎట్లయిందే?"

నిజమే. సన్నటివన్నీ పోయేసరికి స, చ, త అన్నీ పోయాయి. పళ్లతో పాడిన పాటను పళ్లు లేకుండా చేసి పెట్టాను. డాక్టరు నాలుగే తీశాడు, నేను మొత్తం పీకేశాను.

ఇక దాచి లాభం లేదు. పోగుకు రంగు పట్టించిన సంగతి, మూడుసార్లు ముంచిన సంగతి, ఎడమ దిక్కు సంగతి, అన్నీ చెప్పాను. అత్తమ్మ తిడుతుందనుకున్నాను. బీము మీద కూలబడి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. కళ్లలో నీళ్లు తిరిగాయి. నాకు తిట్లే నయమనిపించింది.

"ఇగ మీ పెద్దత్తనే ఎత్తుకుంటది పాట" అంది. కళ్లు తుడుచుకుని, "మూడుమాట్ల ఎందుకు ముంచినవే?" అని అడిగింది.

"నువ్వు పెద్దదానివి గదా అత్తమ్మా."

దానికి ఆమె నవ్వబోయి, దవడ నొప్పి పుట్టి, నన్నొకటి కొట్టింది.

బతుకమ్మకు ఇంకా రెండు రోజులున్నాయి. ఆ మధ్యాహ్నం అత్తమ్మను మళ్లీ మైకు ముందు కూర్చోబెట్టాను. ఉప్పునీళ్లు పుక్కిలించి, సాంచా పెట్టించుకుని పాడింది. గొంతు గొంతే, ఏమీ తగ్గలేదు. కానీ 'స' వచ్చిన చోటల్లా సైకిల్ ట్యూబులోంచి గాలి పోయినట్టు పోతోంది. మళ్లీ మళ్లీ విన్నాను. వింటూ ఉంటే తెలిసింది, పాట మొత్తం పోలేదు, కొన్ని పోగులే తెగాయి. పోగు తెగితే బట్ట పారేస్తామా? ఇంకో పోగు తెచ్చి అతుకుతాం.

"అత్తమ్మా, నా పండ్లు మంచిగనే ఉన్నయి" అన్నాను.

"ఉంటే?"

"నీ గొంతుకు అతుకుత."

చెవులకు హెడ్‌ఫోన్ల డబ్బాలు తగిలించుకుని, అత్తమ్మ పాట వింటూ, మైకు ముందు నేను కూర్చున్నాను. పాడకూడదు. గొంతు అసలే రాకూడదు. 'స' రావాల్సిన చోట 'స్' అని గాలి, 'చ' రావాల్సిన చోట 'చ్' అని నాలుక. అంతే. అత్తమ్మ ఎదురుగా కూర్చుని, ఎక్కడ అనాలో వేలు చూపించేది. నేను వేలు చూస్తే తాళం తప్పేది, తాళం పట్టుకుంటే వేలు తప్పేది. ఒకసారి మైకు మీద తుంపర పడింది. ఒకసారి ఇద్దరికీ నవ్వొచ్చి, సగం పాట నవ్వే రికార్డయింది.

అందుకునే నలుగురిని మళ్లీ పాడించడానికి పిలుచుకొచ్చాను. అందులో ఒకామె గుమ్మంలోంచి నన్ను చూసి, "అగ బాయి! మీ కోడలు పాముల్ని పిలుస్తున్నదా ఏంది?" అంది.

"నాకు పండ్లు పెడ్తున్నది. నువ్వు కూసో" అంది అత్తమ్మ.

నా పళ్లకు తెర మీద వేరే వరస పెట్టాను. జల్లెడను ఈసారి ఎదురు తిప్పి, మొరటు శబ్దాలన్నీ వదిలేసి సన్నటివి మాత్రమే ఉంచాను. నా ఊపిరి పోయింది, సాంచా పోయింది, పళ్లు మాత్రం మిగిలాయి. వాటిని అత్తమ్మ గొంతు కిందికి జరిపి, కొంచెం కొంచెం పైకి తెచ్చాను. ఒకచోట ఉన్నట్టుండి రెండు గొంతులు ఒకటైపోయాయి. అత్తమ్మ నోట్లో పళ్లు మొలిచాయి. ఆమె ఉలిక్కిపడి మళ్లీ చిగుళ్లు తడుముకుంది.

బావి మాత్రం దేనికీ పక్కా చేయలేదు. అందరూ కలిశాక, చివర్లో, అందరికీ కలిపి ఒక్క బావి, అదీ ఒక్క చెంబుడు. నేసిన బట్ట మీద రంగు అద్దుతున్నట్టు నాకు లోపల సిగ్గుగానే ఉంది. క్యాసెట్‌కు ఎక్కించాను. ఆ తర్వాత కంప్యూటర్‌ను ఆపనే లేదు. ఆపబోతే ఏదో అడుగుతుంది, నేనేదో అంటాను. మరిది వచ్చేదాకా అలాగే వెలుగుతూ ఉంది. దాని ముందు ఎవరినీ తుమ్మనివ్వలేదు.

బతుకమ్మ నాడు సాయంత్రం మరిది పంఢర్‌పూర్ నుంచి నేరుగా మైదానానికి వచ్చి లౌడ్‌స్పీకర్లు కట్టాడు. క్యాసెట్ అతని చేతిలో పెట్టాను. ఏం జరిగిందో చెప్పే ధైర్యం లేక వెనక్కి వచ్చేశాను. పెద్దత్త జోడ్‌భావి పేట్ ఆడవాళ్లను వెంటబెట్టుకుని, పట్టుచీర కట్టి, గొంతు సవరించుకుంటూ వచ్చింది. అత్తమ్మ పెదవులు బిగించి, కొంగు నోటికడ్డం పెట్టుకుని నిలబడింది. పెద్దత్త నోరు తెరవబోయేంతలో లౌడ్‌స్పీకర్ పాట ఎత్తుకుంది.

చిన్న గదిలో సరిగ్గా కూర్చున్న పళ్లు, ఆ రేకు లౌడ్‌స్పీకర్లలోంచి వచ్చేసరికి ఎంతకు పెరిగాయో చెప్పలేను. 'స' వచ్చిన ప్రతిసారీ ప్రెషర్ కుక్కర్ కూత పెట్టినట్టుంది. పిల్లలు చెవులు మూసుకున్నారు. మైదానం అంచున పడుకున్న కుక్క లేచి వెళ్లిపోయింది.

మరిది పరుగున వచ్చాడు. "వదినా, గిదేంది? ఏం జేసినవ్?"

"అమ్మకు పండ్లు పెట్టిన."

"ఏంది?"

"పండ్లు ఎక్కువైనయి. కొంచెం తగ్గించు."

అతను తిరిగి పరుగెత్తి, లౌడ్‌స్పీకర్ పెట్టె మీద ఏదో తిప్పాడు. కూత తగ్గింది. అత్తమ్మ గొంతు మైదానం నిండా పరుచుకుంది, 'స' స లాగా, 'చ' చ లాగా. ఆడవాళ్లు అలవాటుగా అందుకున్నారు. చప్పట్లు కలిశాయి, గుంపు గుండ్రంగా కదిలింది. పెద్దత్త కూడా అందుకోక తప్పలేదు. అందుకుంటూనే మా అత్తమ్మ నోటి వైపు చూస్తోంది. అత్తమ్మ కొంగు తీయలేదు. కానీ ఆమె చప్పట్లు మిగతావాళ్లకన్నా గట్టిగా ఉన్నాయి. ఆ సాయంత్రం ముందు పాట ఆమెదే.

చివర్లో పెద్దత్త నా దగ్గరికి వచ్చి, "మీ అత్త పండ్లు పీకిచ్చుకోలేదా?" అని అడిగింది.

"పీకిచ్చుకున్నది పెద్దత్తా."

"మరి గవి ఎవ్వలియి?"

నాకు అబద్ధం నోటికి రాలేదు. నవ్వాను. నా పళ్లు కనబడ్డాయి. ఆమె వాటి వైపు చాలాసేపు చూసింది.

మర్నాడు తెల్లారి, మేం టీ తాగుతుండగానే పెద్దత్త మా గుమ్మంలో ఉంది. వెనకే ఆమె కోడలు. కూర్చోమంటే కూర్చోకుండా, తన పైవరసలో ఒక పన్నును వేలితో కదిపి చూపించింది.

"నాదీ ఊగుతున్నది. వచ్చే ఏటి దాక ఉండదు. పిల్లా, నాకు గూడ పెట్టు."

అత్తమ్మ టీ గ్లాసు కింద పెట్టింది. పళ్లు లేవని కూడా మరచిపోయి, నోరారా నవ్వింది.

"నా కోడలి పండ్లు నాకే అక్కా. నీ కోడలి పండ్లు నువ్వు తెచ్చుకో."

"తెచ్చుకున్న గదనే" అంటూ పెద్దత్త కోడల్ని ముందుకు తోసింది. ఆ అమ్మాయి సిగ్గుపడి తల వంచుకుంది. నేను ఆమెను గదిలోకి తీసుకెళ్లి, మైకు ముందు కూర్చోబెట్టి, చెవులకు డబ్బాలు తగిలించాను. గొంతు రానివ్వకు, గాలి మాత్రమే వదులు అని చెప్పాను. మొదటిసారి గొంతు వచ్చేసింది. రెండోసారి నవ్వు వచ్చింది. మూడోసారికి 'స్' సరిగ్గా పడింది.